అంచు ఎందుకు పెచ్చులూడుతుంది? జేబు చాకుల సానపై ఒక సమీక్ష

2020 ఆగస్టులో 'సైన్స్' పత్రికలో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు జాన్‌లూకా రోష్యోలి, జెమ్ తాసాన్ బృందం ఒక వ్యాసం ప్రచురించింది. గడ్డం గీసుకునే బ్లేడు ఉక్కు వెంట్రుక కంటే దాదాపు 50 రెట్లు గట్టిది. అయినా వెంట్రుక ఆ ఉక్కు అంచును పెచ్చులూడగొట్టగలదని వాళ్ళు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూపించారు. దానికి మూడు విషయాలు ఒకేచోట కలవాలి. వెంట్రుక నిటారుగా తెగకుండా పక్కకు వంగాలి. ఉక్కు లోపలి నిర్మాణం చోటు చోటుకూ తేడాగా ఉండాలి. ఆ తేడా ఉన్న చోటే వెంట్రుక తగలాలి. ఈ మూడింటిలో మొదటిది మన చేతిలో ఉన్నది. తిన్నగా కోసినంతసేపూ ఎంతో బరువు ఓర్చుకునే అంచు, పక్క నుంచి ఒత్తిడి పడగానే విరుగుతుంది.

జేబులో పెట్టుకునే మడత చాకుకూ ఇదే వర్తిస్తుంది. చాకు మొద్దుబారితే ఏం చేయాలో ఏదో ఒక రకంగా అందరికీ తెలుసు. అంచుకు గంట్లు పడితే మాత్రం సలహాలు నాలుగు దిక్కులా పోతాయి. ఉక్కు నాసిరకం అంటారు కొందరు, సాన పట్టినవాడి తప్పంటారు ఇంకొందరు, మరీ సన్నగా నూరావంటారు మరికొందరు. చివరికి ఆ చాకు సొరుగులో పడి ఉంటుంది, ఇంట్లోకి ఇంకొకటి వస్తుంది. మంచి చాకులు ఇలా మూలనపడటం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఇళ్ళలో కనిపించే గంట్లలో చాలావాటికి కారణం పక్క ఒత్తిడి, సరిగ్గా తీయని బర్ (నూరేటప్పుడు అంచు చివర మిగిలే సన్నటి రేకు), ఆ ఉక్కు మోయలేనంత సన్నటి కోణం. వీటికి మందు ఒక గరుకు రాయి, కోణంలో రెండు మూడు డిగ్రీల మార్పు. ఈ అభిప్రాయానికి ఎలా వచ్చానో వివరించడానికే ఈ సమీక్ష.

ముందు చూడటం నేర్చుకోవాలి. అంచు రెండు రకాలుగా పాడవుతుంది. మెత్తటి ఉక్కయితే అంచు ఒక పక్కకు వాలిపోతుంది. గట్టి ఉక్కయితే ముక్క ఊడిపోతుంది. రెండూ పైకి మొద్దుబారినట్టే ఉంటాయి. ట్యూబులైటు కింద చాకును అంచు పైకి వచ్చేలా పట్టుకుని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. పదునున్న అంచు మీద వెలుతురు నిలవదు, అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. ఎక్కడ తెల్లటి చుక్క మెరిసిందో అక్కడ గంటో, మొద్దుదనమో ఉంది. తర్వాత చిన్న దూది ఉండను అంచు పొడవునా మడమ (పిడి దగ్గరి చివర) నుంచి కొన దాకా తేలిగ్గా లాగండి. గంటు పడిన చోట పోగులు చిక్కుకుంటాయి. ఒక వైపు లాగితే చిక్కక, ఇంకో వైపు లాగితే గరుగ్గా తగిలితే, అది వాలిపోయిన అంచో మిగిలిపోయిన బరో అయి ఉంటుంది. ఫోను కెమెరాను దగ్గరికి తెచ్చి ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే అనుమానం తీరుతుంది. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. ఇది చేయకుండా రాయి చేతపట్టడం వృథా.

ఉక్కు సంగతికి వద్దాం. గట్టిదనాన్ని రాక్‌వెల్ సి కొలతలో చెబుతారు. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ చాకులు 55, 56 దగ్గర ఉంటాయి. 1890 నుంచి ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో తయారవుతున్న ఒపినెల్ చాకులు అంతకంటే కొంచెం గట్టివి. జపాన్ వంటింటి కత్తులు చాలావరకు 60 దాటుతాయి. అంకె పెరిగే కొద్దీ అంచు వాలదు, కానీ విరిగే గుణం పెరుగుతుంది. అంకె ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది. ఉక్కులో కార్బన్, క్రోమియం, వెనేడియం కలిసి కార్బైడ్లనే అతి గట్టి రేణువులుగా ఏర్పడతాయి. రేణువులు చిన్నవిగా, సమంగా పరుచుకుని ఉంటే అంచును సన్నగా నూరినా నిలుస్తుంది. పెద్దవైతే, అంచు ఆ రేణువు కంటే సన్నబడిన చోట రేణువు పట్టు తప్పి ఊడిపోతుంది, దాని వెంటే పెచ్చు లేస్తుంది. డి2 అనే పాత పనిముట్ల ఉక్కులో దాదాపు 1.5 శాతం కార్బన్, 12 శాతం క్రోమియం ఉంటాయి. దాని కార్బైడ్లు పెద్దవి. చవక మడత చాకుల్లో ఈ ఉక్కు ఇప్పుడు విరివిగా వస్తోంది. దాన్ని 12 డిగ్రీలకు నూరి, విరిగిందని తిట్టడం న్యాయం కాదు. ఒపినెల్ స్టెయిన్‌లెస్ చాకుల్లో వాడే 12సి27 వంటి స్వీడన్ ఉక్కుల్లో రేణువులు సన్నవి కాబట్టి అవి సన్నటి కోణాన్ని మోస్తాయి.

ఈ కార్బైడ్ల చరిత్రలో మన తెలుగు ఊరి పేరు కూడా ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు. హెచ్.డబ్ల్యూ. వాయ్‌సీ ఆ తయారీని వర్ణించిన వ్యాసం 1832లో అచ్చయింది. దక్షిణ భారతంలో పుట్టి ఊట్జ్ పేరుతో ప్రపంచానికి తెలిసిన ఉక్కు కుటుంబంలోదే ఆ ఉక్కు. ఊట్జ్ కత్తుల మీద కనిపించే నీటి అలల వంటి చారలు కార్బైడ్ల బారులే. ఖనిజంలో అతి కొద్దిగా ఉన్న వెనేడియం వంటి లోహాలే వాటిని బారులు తీర్చాయని అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ వెర్‌హోవెన్, కమ్మరి ఆల్‌ఫ్రెడ్ పెండ్రేతో కలిసి తేల్చారు. కత్తుల సాన మీద ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చేసిన ప్రయోగాలను 2004లో వెలువరించిందీ ఈ వెర్‌హోవెనే. ఆ నివేదికను ఇంట్లో సాన పట్టే ప్రతివారూ ఒకసారి చదవాలి.

అందులో ముఖ్యంగా పట్టించుకోవలసింది బర్. ఒక వైపు నూరుతూ పోతే అంచు చివర ఉక్కు సన్నటి రేకులా రెండో వైపుకు తిరుగుతుంది. దాన్నే బర్ అంటారు. కొత్తగా నూరిన చాకు కాగితాన్ని జుయ్యిమని కోసి, రెండు ఉల్లిపాయలు తరగ్గానే మొద్దుబారిందంటే అప్పటిదాకా కోసింది అంచు కాదు, ఆ రేకు. అది విరిగిపోతూ తనతోపాటు అంచునూ కొరుక్కుపోతుంది. కొత్తవాళ్ళు చూసే సన్నటి గంట్లలో ఎక్కువ భాగం ఇవే. ఏమీ పూయని తోలు మీద రుద్దితే పెద్దగా ఫలితం లేదనీ, క్రోమియం ఆక్సైడ్ పూసిన తోలు మీద రుద్దితే బర్ బాగా పోయిందనీ వెర్‌హోవెన్ చూశారు. హార్డ్‌వేర్ షాపుల్లో, స్టీలు పాలిష్ చేసేవాళ్ళ దగ్గర దొరికే ఆకుపచ్చ పాలిష్ కడ్డీలు సాధారణంగా ఆ రకానివే. పాత తోలు బెల్టును చెక్కకు అతికించి, ఆ కడ్డీని పల్చగా రుద్దితే చాలు.

కోణం మీద వాదం పాతది, ఇంకా తెగలేదు. ఉక్కు శాస్త్రవేత్త లారిన్ థామస్ కొన్నేళ్ళుగా యంత్రాల మీద చేస్తున్న కోత పరీక్షల్లో ఒకటి స్పష్టంగా తేలింది. కోణం తగ్గితే అదే ఉక్కు ఎక్కువసేపు కోస్తుంది. ఉక్కు మార్చి సాధించేదాన్ని కోణం మార్చి సాధించవచ్చు. అయితే ఆ యంత్రం చాకును తిన్నగా, ఒకే దారిలో నడుపుతుంది. మన చేయి అలా నడపదు. కొబ్బరి చిప్పలో చాకు దింపి మెలితిప్పుతాం, అట్టపెట్టె కోస్తూ మధ్యలో ఉన్న స్టేపుల్ పిన్నును కూడా లాగేస్తాం. అందుకే సన్నటి కోణాన్ని సమర్థించేవాళ్ళూ, మందపాటి అంచును సమర్థించేవాళ్ళూ ఎవరి పనిని బట్టి వాళ్ళు నిజమే చెబుతున్నారు. ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు అన్నది విక్టోరినాక్స్ చెప్పే లెక్క. నేను సూచించేది కూడా అక్కడే మొదలుపెట్టమని. గంట్లు పడితే రెండు డిగ్రీలు పెంచండి. పడకపోతే తర్వాతి సానలో ఒక డిగ్రీ తగ్గించండి. ఆ చాకుకు, ఆ చేతికి తగిన కోణం అలా తేలాల్సిందే. పట్టికల్లో చూసి పెట్టేది కాదు.

మన ఇళ్ళలో అంచును చంపేవి కొన్ని ఉన్నాయి. మొదటిది వంటింటి గ్రానైట్ గట్టు. దాని మీదే పెట్టి నిమ్మకాయ కోసేవాళ్ళు ఎందరో. గ్రానైట్‌లోని స్ఫటికశిల రేణువులు చాకు ఉక్కు కంటే గట్టివి. స్టీలు పళ్ళెం, గాజు పలక కూడా అంచును పాడుచేస్తాయి. కింద చెక్క ఉండాలి. వేసవిలో ఆవకాయకు టెంకతో సహా ముక్కలు కొట్టడానికి బజారులో పీటకు బిగించిన పెద్ద కత్తి ఉన్నది ఎందుకంటే ఆ టెంక చిన్న చాకు పని కాదు గనక. ఫ్రీజర్‌లోంచి తీసిన మాంసం, చేప తల, కోడి ఎముక కీళ్ళు జేబు చాకుకు పెట్టకూడదు. డబ్బా మూత లేపడానికి చాకును మీటగా వాడటం అన్నిటికంటే ఘోరం. ఇంకోటి చాలామంది గమనించరు. కార్బన్ ఉక్కు చాకుతో మామిడికాయ, నిమ్మకాయ, చింతపండు కోసి కడగకుండా వదిలేస్తే పులుపు అంచును రాత్రికి రాత్రే తినేస్తుంది. కోస్తా తేమలో ఇది మరీ ఎక్కువ. పొద్దున చూస్తే సన్నటి గంట్లలా ఉంటాయి గానీ అవి తుప్పు తిన్న గుంటలు. వాటికి కోణం పెంచినా లాభం లేదు. కోసిన వెంటనే కడిగి తుడవడమే మార్గం.

సాన సాధనాల్లో ఏది మేలు, ఏది కీడు? వీధిలో సైకిల్ మీద చక్రం తిప్పుతూ వచ్చే సానవాళ్ళ నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. కొడవలికి, కత్తిపీటకు వాళ్ళే సరి. కానీ పొడిగా తిరిగే చక్రం మీద చాకు అంచు క్షణంలో వేడెక్కుతుంది. చాలా చాకుల ఉక్కును తయారీలో చివరిగా 150 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేసి ఓర్పు తెస్తారు. అంతకు మించి కాలితే అంచు మెత్తబడుతుంది. ఇంకా మించి కాలి, చుట్టూ ఉన్న చల్లటి ఉక్కు వల్ల వెంటనే చల్లారితే గాజులా పెళుసెక్కుతుంది. నీలి రంగు కనిపించేసరికే చాలా నష్టం జరిగిపోతుంది. కంటికి కనిపించనంత సన్నటి చివర ఏ రంగూ తేలకుండానే కాలిపోవచ్చు. కొన్ని కొత్త చాకులు మొదట్లో గంట్లు పడి, రెండు మూడు సానల తర్వాత కుదుటపడటానికి కారణం కూడా ఇదే కావచ్చు. ఫ్యాక్టరీ బెల్టు మీద కాలిన పొర అరిగిపోయి లోపలి మంచి ఉక్కు బయటికి వస్తుంది. కాబట్టి కొత్త చాకు మీద తీర్పు తొందరగా ఇవ్వకండి.

'వి' ఆకారంలో రెండు కార్బైడ్ పలకలు ఉండి, మధ్యలోంచి చాకును లాగే చిన్న పనిముట్లు అన్ని షాపుల్లో దొరుకుతాయి. అవి అంచును నూరవు, చెక్కుతాయి. లాగిన ప్రతిసారీ ఉక్కు చీలి గరుకు పళ్ళు మిగులుతాయి. గంట్ల సమస్య ఉన్న చాకుకు అవి శత్రువులు. గాళ్ళు ఉన్న ఉక్కు కడ్డీ మెత్తటి కత్తులకు పర్వాలేదు గానీ గట్టి చాకును దాని మీద కొడితే సన్నగా విరుగుతుంది. ఇంటి గడప మీదో మెట్టు మీదో నూరడం మన అలవాటు. కడప, తాండూరు నాపరాళ్ళు సున్నపురాళ్ళు కాబట్టి అవి ఉక్కు కంటే మెత్తన. వాటి మీద రుద్దితే చప్పుడు వస్తుంది, పదును రాదు. గ్రానైట్ మెట్టు మీద రుద్దితే ఉక్కు తెగుతుంది గానీ రేణువులు ఒక తీరుగా ఉండవు, కోణం చేతికి దొరకదు. పింగాణీ కప్పు అడుగున మెరుగు లేని వలయం మాత్రం నిజంగా పనికొచ్చేదే, చివరి మెరుగుకు వాడుకోవచ్చు.

హార్డ్‌వేర్ షాపులో ఒక వైపు గరుకుగా, ఒక వైపు నునుపుగా ఉండే కార్బోరండం రాయి దొరుకుతుంది. కార్బోరండం అంటే సిలికాన్ కార్బైడ్. 1890ల తొలినాళ్ళలో అమెరికాలో ఎడ్వర్డ్ అచీసన్ తయారుచేసిన పదార్థం ఇది. మన దేశంలో 1954లో మద్రాసులో మొదలైన కార్బోరండం యూనివర్సల్ వంటి సంస్థలు దీన్ని చేస్తున్నాయి. గంట్లు తీయడానికి ఇంతకంటే చవకైన, నమ్మకమైన సాధనం నాకు కనపడలేదు. తర్వాత 1000 నంబరు నీటి రాయి ఒకటి ఉంటే మామూలు చాకుకు చాలు. అదీ లేకపోతే పెయింటర్లు వాడే వాటర్ పేపరును గాజు పలక మీద పరిచి, 220, 400, 1000 నంబర్లు వరుసగా వాడవచ్చు. అంచును ముందుకు తోస్తే కాగితం తెగుతుంది, వెనక్కే లాగాలి. వెనేడియం ఎక్కువున్న ఎస్30వి, ఎం390 వంటి ఉక్కుల కార్బైడ్లు మామూలు రాళ్ళ రేణువులకు లొంగవు. వాటికి వజ్రపు పూత ఉన్న పలక కావాలి. కోణం కదలకుండా పట్టే చట్రాలు చెయ్యి తిరగని వాళ్ళకు మంచివే. చెయ్యి తిరిగాక వాటి అవసరం ఉండదు.

నూనె వాడాలా, నీళ్ళు వాడాలా అన్న తగవు ఉంది. జాన్ జురానిచ్ అనే అమెరికన్ 1985లో వచ్చిన తన పుస్తకంలో నూనె వద్దేవద్దన్నారు. నూనెలో తేలే ఉక్కు రజను అంచుకు ఎదురు తగిలి దాన్ని కొరుకుతుందని ఆయన వాదన. రజను పేరుకుపోయిన రాయి అంచును పాడుచేస్తుందన్నంతవరకు నేను ఒప్పుకుంటాను. నీళ్ళతో తరచూ కడిగితే ఆ ఇబ్బంది పోతుంది. కొబ్బరి నూనె, వంట నూనె మాత్రం రాయికి తగలనివ్వకండి. అవి జిగురెక్కి రంధ్రాలు మూసేస్తాయి. నూనే కావాలంటే కుట్టుమిషన్ నూనె వాడండి. ఒకసారి నూనె పట్టిన రాయికి ఇక నీళ్ళు పట్టవు.

ఇప్పుడు గంటు తీసే పని. అర మిల్లీమీటరు లోతు గంటు ఉందనుకుందాం. చాకును రాయి మీద నిటారుగా, రాయిని కోస్తున్నట్టుగా పట్టుకుని తేలిగ్గా లాగాలి. చేతులు రాని పని ఇది, మంచి చాకును చేజేతులా మొద్దు చేస్తున్నట్టుంటుంది. కానీ గంటు అడుగు దాకా చుట్టూ ఉన్న ఉక్కును దించకపోతే అది పోదు. మెరుగు పెట్టే సన్న రాయి మీద గంటసేపు రుద్దినా గంటు అలాగే ఉంటుంది, దాని అంచులు మాత్రం మెరుస్తాయి. కొన దగ్గర చాకు వంపును అనుసరిస్తూ లాగాలి, లేకపోతే ఆకారం చెడుతుంది. వెంట్రుక మందం గంట్లయితే ఇదంతా అక్కర్లేదు. మామూలు సానలో సగం పోతాయి, మిగతావి తర్వాతి సానలో పోతాయి. తొందరపడి ఉక్కు పారబోయకండి.

గంటు పోయాక అంచు ఒక తెల్లటి గీతలా మెరుస్తుంది. ఇక ఆ గీతే మీ కొలబద్ద. అంచు వాలు మీద మార్కర్ పెన్నుతో రంగు పూయండి. చాకు వీపును రాయి నుంచి ఎంత ఎత్తాలో స్కేలుతో చూసుకోండి. 15 మిల్లీమీటర్ల వెడల్పు చాకుకు 5 మిల్లీమీటర్లు ఎత్తితే దాదాపు 20 డిగ్రీలు, 4 మిల్లీమీటర్లు ఎత్తితే దాదాపు 15 డిగ్రీలు. గరుకు వైపు నాలుగైదు సార్లు లాగి రంగు ఎక్కడ పోయిందో చూడండి. వాలు పైభాగంలోనే పోతే వీపు ఇంకొంచెం ఎత్తాలి, అంచు చివరే పోతే కొంచెం దించాలి. రెండు వైపులా సమంగా నూరుతుంటే తెల్ల గీత దారంలా సన్నబడి, అక్కడక్కడా తెగి, చివరికి పూర్తిగా మాయమవుతుంది. మడమ దగ్గరా కొన దగ్గరా అది ఆఖరున పోతుంది. చాలామంది మధ్యలో పోగానే ఆపేస్తారు, అక్కడే సాన చెడుతుంది.

గీత పోయాక ఒక వైపు నూరి, రెండో వైపున బొటనవేలిని వీపు నుంచి అంచు దిశగా తేలిగ్గా జరపండి. పొడవునా సన్నటి అడ్డం తగిలితే బర్ వచ్చినట్టు. రెండో వైపు నూరి దాన్ని ఇటు తిప్పండి. అక్కడి నుంచి ఒత్తిడి తగ్గిస్తూ, వైపు మారుస్తూ, చాకు బరువుకు మించి బలం పెట్టకుండా 1000 రాయి మీద లాగండి. ఆఖరున వీపును ఒక మిల్లీమీటరు పైకెత్తి ఒక్కో వైపు రెండు మూడు సార్లు అతి తేలిగ్గా లాగితే బర్ తెగుతుంది, అంచు చివర దాదాపు నాలుగు డిగ్రీలు మందమైన చిన్న వాలు ఏర్పడుతుంది. గంట్లకు అసలు రక్ష ఆ చిన్న వాలే. తర్వాత పాలిష్ పూసిన తోలు మీద వెనక్కి లాగండి. దినపత్రిక అంచు చిరగకుండా తెగాలి. పండిన టమాటా తోలు మీద పెట్టి లాగితే నొక్కకుండానే దిగాలి.

మడత చాకుకు కొన్ని జాగ్రత్తలు ఎక్కువ. తాళం లేని చాకు వీపు మీద నొక్కితే వేళ్ళ మీదికి మడత పడుతుంది, కాబట్టి ఆకును (కోసే ఉక్కు భాగాన్ని) వేళ్ళతో పక్కల నుంచి పట్టుకోవాలి. మడత కీలులోకి రాతి రజను పోకుండా టేపు చుట్టాలి. పని అయ్యాక వేడి నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, కీలులో ఒక చుక్క నూనె వేయాలి. ఒపినెల్ వంటి చెక్క పిడి చాకును నీళ్ళలో నానబెట్టకూడదు. చెక్క ఉబ్బి ఆకు బయటికి రాదు.

ఇంత చేసినా, 20 డిగ్రీలకు పెంచి, బర్ తీసి, చెక్క పలక మీదే కూరగాయలు కోసినా, మూడు సానల తర్వాత కూడా గంట్లు పడుతూనే ఉంటే ఇక తప్పు మీది కాదు. ఆ ఉక్కును తయారీలో సరిగ్గా వేడిచేసి ఉండకపోవచ్చు. దాన్ని ఇంట్లో ఎవరూ బాగుచేయలేరు. రసీదు, గంట్ల ఫొటోలు జతచేసి కంపెనీకి తిప్పి పంపండి, మార్చి ఇవ్వమని అడగండి.